ట్రైనర్ రాసిచ్చిన ఏడు సప్లిమెంట్లలో ఏది కొనాలి, ఏది వదిలేయాలి?

మీ ప్రశ్నను ఒకసారి నా మాటల్లో చెప్పుకుంటాను, పొరపాటుగా అర్థం చేసుకుంటే సరిదిద్దండి. వయసు 27, బరువు 74 కిలోలు, ఐటీ ఉద్యోగం, మియాపూర్‌లో ఉంటారు, మూడు నెలలుగా జిమ్‌కి వెళ్తున్నారు. గుడ్డు తింటారు కానీ చికెన్, చేప ఆదివారం మాత్రమే. ట్రైనర్ ఒక చీటీ రాసిచ్చాడు: వే ప్రోటీన్, క్రియేటిన్, బీసీఏఏ, ప్రీ వర్కౌట్, ఫ్యాట్ బర్నర్, మల్టీవిటమిన్, ఫిష్ ఆయిల్. అన్నీ కలిపి నెలకు 14 వేలు. వీటిలో ఏవి నిజంగా పనిచేస్తాయి, కిడ్నీలు పోతాయని ఇంట్లో అంటున్నది నిజమేనా, మోకాళ్ళ నొప్పులున్న అమ్మకు క్యాల్షియం మాత్రలు మొదలుపెట్టొచ్చా అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే: క్రియేటిన్ కొనండి. వే ప్రోటీన్ మాత్రం ముందు తిండి లెక్క చూసుకుని, నిజంగా తక్కువ పడితేనే కొనండి. మిగతా ఐదూ వద్దు. ఆ మిగిలిన డబ్బులో కొంత పెట్టి ఒకసారి రక్తపరీక్షలు చేయించుకోండి: సీబీసీ (రక్తకణాల లెక్క), బి12, విటమిన్ డి, క్రియాటినిన్ (కిడ్నీకి), లివర్ ఫంక్షన్. అమ్మగారి సంగతి వేరు, చివర్లో రాస్తాను.

నేను డైటీషియన్‌ని. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మంది షుగర్, థైరాయిడ్ వాళ్ళు, మిగతావాళ్ళు జిమ్ వాళ్ళు, మారథాన్‌లకు పరిగెత్తేవాళ్ళు, కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి తయారయ్యే కుర్రాళ్ళు. చాలామంది డబ్బాలు సంచిలో వేసుకుని తెచ్చి టేబుల్ మీద వరసగా పెడతారు. అప్పుడు నేను ఒక్కో డబ్బాకీ అడిగేవి రెండే. ఇది మీలో ఉన్న ఏ లోటు పూడుస్తుంది? రెండు నెలల తర్వాత ఇది పనిచేసిందని మనకు ఎలా తెలుస్తుంది? బి12 మాత్రకు ఈ రెంటికీ జవాబుంది, రిపోర్ట్‌లో నంబర్ తక్కువుంది, మళ్ళీ పరీక్ష చేస్తే పెరిగిందో లేదో కనిపిస్తుంది. క్రియేటిన్‌కీ ఉంది, మోసే బరువులు, రెప్స్ (ఆగకుండా ఎన్నిసార్లు ఎత్తారో) నోట్ చేసుకుంటే తెలుస్తుంది. మల్టీవిటమిన్‌కి వచ్చేసరికి "ఎనర్జీ బాగుంది మేడమ్" అంటారు. ఆ నెలలోనే జిమ్‌లో చేరారు, రాత్రి పదకొండుకి పడుకోవడం మొదలుపెట్టారు, బయట బిర్యానీ తగ్గించారు. వచ్చిన ఎనర్జీనంతా మాత్ర ఖాతాలో ఎలా రాస్తాం?

ముందు ప్రోటీన్, ఎందుకంటే ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే

మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ (ఎన్‌ఐఎన్ అంటే అదే) 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం మామూలు ఆరోగ్యవంతులకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీన్. మీ 74 కిలోలకు అది సుమారు 61 గ్రాములు. బరువులెత్తి కండ పెంచుకోవాలనుకునేవాళ్ళకు కిలోకు 1.6 గ్రాముల దాకా లాభం కనిపిస్తుంది, ఆపైన తిన్నా చాలామందికి అదనంగా వచ్చేది దాదాపు ఏమీ ఉండదు. అంటే మీకు 100 నుంచి 118 గ్రాముల మధ్య ఎక్కడున్నా చాలు. జిమ్‌లో చెప్పే "కిలోకు మూడు గ్రాములు" అన్న మాట పక్కన పెట్టండి.

ఇప్పుడు మీలాంటి వాళ్ళు మామూలుగా తినేది చూద్దాం. పొద్దున మూడు ఇడ్లీలు, చట్నీ, సాంబారు కలిపితే ఎనిమిది గ్రాములు దాటితే గొప్ప. మధ్యాహ్నం అన్నం, పప్పు, కూర, పెరుగు కలిపి ఇరవై. సాయంత్రం టీ, బిస్కెట్లు రెండు మూడు గ్రాములు. రాత్రి మూడు చపాతీలు, కూర పన్నెండు పదమూడు. మొత్తం 45 దగ్గర ఆగుతుంది. ఇక్కడ అందరూ నాతో వాదించేది "మేం రోజూ పప్పు తింటాం కదా" అని. తింటారు, కాదనను. కానీ హాస్టల్లో, క్యాంటీన్లో వేసే గరిటెడు పప్పులో ఉండే కందిపప్పు ఇరవై, ముప్పై గ్రాములే, మిగతాదంతా నీళ్ళు, టమాటా, తాలింపు. ముప్పై గ్రాముల కందిపప్పులో ప్రోటీన్ ఆరేడు గ్రాములు. ఇక పప్పుచారు గురించి చెప్పక్కర్లేదు.

ఈ 45 మీద కట్టుకుంటూ రండి. మూడు గుడ్లు, 18 గ్రాములు. ఎండు మీల్ మేకర్ 40 గ్రాములు నానబెట్టి కూరలో వేస్తే 20. ఒక గ్లాసు పాలు 8. గుప్పెడు పల్లీలు 7. మొత్తం 98కి వచ్చారు, ఇంకా డబ్బా మూత తీయనే లేదు. ఇడ్లీ రోజుల్లో రెండు రోజులు పెసరట్టు చేసుకుంటే, వారంలో ఒకసారి ఉలవలో, శనగలో గట్టిగా వండుకుంటే ఇంకా తేలిక. మీల్ మేకర్ తింటే మగవాళ్ళకు హార్మోన్లు తేడా చేస్తాయని మీ స్నేహితుడెవరో చెప్పే ఉంటాడు. మామూలుగా తినే పరిమాణంలో టెస్టోస్టెరాన్ తగ్గదని మనుషుల మీద చేసిన చాలా పరీక్షల్లో తేలింది, ఆ భయం వదిలేయండి.

ఖర్చు కూడా చూడండి. ఒక స్కూప్ మంచి వే ప్రోటీన్‌లో 24, 25 గ్రాములు వస్తాయి. అదే ప్రోటీన్ నాలుగు గుడ్లలో దాని ఖర్చులో సగం లోపే వస్తుంది, మీల్ మేకర్‌లో ఇంకా తక్కువే.

అలాగని వే ప్రోటీన్ చెడ్డదేం కాదు. పాలు విరగ్గొట్టి చీజ్ తీశాక మిగిలే తేటను ఆరబెట్టి చేసిన పొడి, అంతే. స్టెరాయిడ్ కాదు, మందూ కాదు. 2024లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎమ్‌ఆర్), ఎన్‌ఐఎన్ కలిసి విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో కండ పెంచుకోవడానికి ప్రోటీన్ పొడులు వాడొద్దన్నారు. జనం మొత్తానికి చెప్పే మాటగా అది సరైనదే, ఎందుకంటే మన దగ్గర చాలామంది అన్నం తగ్గించి పప్పు పెంచాల్సిన చోట పొడి కొంటున్నారు. కానీ నా అనుభవంలో కొందరికి అది నిజంగా పనికొస్తుంది. గుడ్డు కూడా ముట్టని పూర్తి శాకాహారులు, పీజీ హాస్టల్లో ఏది పెడితే అది తినాల్సిన వాళ్ళు, ఆకలి తగ్గిపోయిన పెద్దవాళ్ళు, ఆపరేషన్ తర్వాత కోలుకుంటున్నవాళ్ళు. మీరు వంట చేసుకోగలిగితే అక్కర్లేదు, ఆఫీసు షిఫ్టుల వల్ల కుదరకపోతే రోజుకు ఒక స్కూప్ చాలు. పాలు తాగితే కడుపుబ్బరం వచ్చేవాళ్ళు ఐసొలేట్ అనే ఎక్కువ వడకట్టిన రకం తీసుకోండి, అందులో లాక్టోజ్ (పాలలోని చక్కెర) తక్కువ ఉంటుంది. మిగతావాళ్ళకు కాన్సంట్రేట్ అనే మామూలు రకం సరిపోతుంది, ఐసొలేట్‌కి అదనంగా పెట్టే డబ్బు వృథా. వర్కౌట్ అయిన అరగంటలో తాగకపోతే కష్టమంతా పోతుందని లాకర్ రూమ్‌లో షేకర్ ఊపుతుంటారు చూడండి, అంత కంగారేం అక్కర్లేదు, రోజు మొత్తంలో ఎంత వచ్చిందన్నదే ముఖ్యం.

మాస్ గెయినర్ అనే బరువు పెంచే పొడి జోలికి మాత్రం అసలు పోవద్దు, మీ చీటీలో లేదు కానీ రేపో మాపో రాస్తాడు. అందులో ఎక్కువ భాగం మాల్టోడెక్స్‌ట్రిన్, అంటే పిండిపదార్థం. బరువు పెరగాలంటే అరటిపండు, పల్లీలు, పాలు చాలు.

క్రియేటిన్

జిమ్‌కి వెళ్ళేవాళ్ళకు అమ్మే వాటన్నిటిలో ఇంత ఎక్కువగా పరీక్షలకు నిలబడిన పొడి ఇంకోటి లేదు. మన ఒంట్లో కాలేయం, కిడ్నీలు రోజుకు దాదాపు ఒక గ్రాము క్రియేటిన్ తయారుచేస్తాయి, మాంసం, చేపలు తినేవాళ్ళకు ఇంకో గ్రాము దాకా తిండిలో వస్తుంది. శాకాహారులకు ఆ రెండోది రాదు కాబట్టి కండరాల్లో నిల్వ తక్కువ, అందుకే ఇది వాళ్ళకు ఇంకా బాగా పనిచేస్తుంది. మీరు వారానికి ఒక్కరోజే మాంసం తింటారు కాబట్టి దాదాపు ఆ లెక్కలోకే వస్తారు. చేసే పని ఏమిటంటే, కొద్ది సెకన్లపాటు గట్టిగా శ్రమించేటప్పుడు కండరానికి శక్తి త్వరగా తిరిగి అందేలా చూస్తుంది. ఎనిమిదో రెప్ దగ్గర ఆగిపోయేవారు తొమ్మిదో, పదో చేస్తారు. అలా నెలల తరబడి చేసిన ఆ అదనపు రెప్స్ వల్ల కండ పెరుగుతుంది. జిమ్ మానేసి పొడి మాత్రం తాగుతుంటే పెద్దగా వచ్చేదేమీ లేదు.

మోనోహైడ్రేట్ అని రాసి ఉన్నది కొనండి, రోజుకు 3 నుంచి 5 గ్రాములు, ఏ వేళైనా, నీళ్ళలోనైనా మజ్జిగలోనైనా. జిమ్ లేని రోజు కూడా తీసుకోవాలి. మొదటి వారం రోజుకు 20 గ్రాములు వేసి లోడింగ్ చేయమంటారు, అలా చేస్తే త్వరగా నిండుతుంది, చేయకపోతే మూడు నాలుగు వారాల్లో అక్కడికే చేరుతుంది, ఈలోగా విరేచనాలు తప్పుతాయి. హెచ్‌సీఎల్ రకమని, ఇంకేదో రకమని రెట్టింపు ధర పెడితే ఎక్కువ పనిచేస్తుందనడానికి గట్టి ఆధారం లేదు. మొదట్లో కిలో, రెండు కిలోల బరువు పెరుగుతుంది, అది కండరాల్లోకి చేరిన నీరు, కొవ్వు కాదు.

ఇక కిడ్నీల భయం. ఇది ఎక్కడి నుంచి వచ్చిందో చెబితే సగం పోతుంది. క్రియేటిన్ ఒంట్లో విరిగి క్రియాటినిన్‌గా మారి మూత్రంలో పోతుంది. కిడ్నీ ఎలా పనిచేస్తుందో అంచనా వేయడానికి ల్యాబ్‌లో కొలిచేది సరిగ్గా ఆ క్రియాటినిన్‌నే. పొడి తాగితే కిడ్నీలో ఏ తేడా లేకపోయినా ఆ నంబర్ కాస్త పెరగొచ్చు. కండ ఎక్కువున్నవాళ్ళకు, పరీక్షకు ముందురోజు గట్టిగా వర్కౌట్ చేసినవాళ్ళకు కూడా అంతే. నా దగ్గరికి వచ్చిన ఒక కుర్రాడికి కంపెనీ హెల్త్ చెకప్‌లో క్రియాటినిన్ కాస్త ఎక్కువగా 1.4 వచ్చింది, ఇంట్లో ఏడుపులు, టెన్షన్, నెఫ్రాలజిస్ట్ (కిడ్నీ డాక్టరు) అపాయింట్‌మెంట్. ఆ డాక్టరు గారు సిస్టాటిన్ సి అనే ఇంకో పరీక్ష రాశారు, అది క్రియేటిన్ మీద ఆధారపడదు, అది నార్మల్. మూత్రంలో ప్రోటీన్ కూడా లేదు. కాబట్టి మొదలుపెట్టే ముందే క్రియాటినిన్ ఒకసారి చూసి పెట్టుకోండి, ఎప్పుడు పరీక్ష చేయించుకున్నా క్రియేటిన్ వాడుతున్నానని డాక్టరుకు చెప్పండి. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో మామూలు మోతాదు కిడ్నీలను పాడుచేసినట్టు అధ్యయనాల్లో కనిపించలేదు. కానీ ఇప్పటికే కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు, ఏళ్ళ తరబడి షుగరో బీపీయో అదుపులో లేనివాళ్ళు, ఒకే కిడ్నీ ఉన్నవాళ్ళు డాక్టరును అడగకుండా ముట్టుకోవద్దు, వాళ్ళ విషయంలో ఎక్కువ ప్రోటీన్‌కి కూడా ఇదే మాట.

జుట్టు రాలుతుందన్న మాట కూడా అడుగుతారు. 2009లో దక్షిణాఫ్రికాలో రగ్బీ ఆడే కొద్దిమంది కుర్రాళ్ళ మీద చేసిన చిన్న అధ్యయనంలో బట్టతలతో ముడిపడిన డీహెచ్‌టీ అనే హార్మోన్ పెరిగిందన్నారు, ఈ ప్రచారానికి మూలం అదే. అందులో జుట్టు రాలిందో లేదో అసలు చూడలేదు. మీ నాన్నగారికి, మేనమామకు ముప్పైల్లోనే బట్టతల వచ్చి ఉంటే ముందు అటు చూడండి.

ప్రీ వర్కౌట్, బీసీఏఏ

ప్రీ వర్కౌట్‌లో నిజంగా పనిచేసేది కెఫీన్. కెఫీన్ ఆటకీ వ్యాయామానికీ సాయం చేస్తుందన్నది నిజమే, ఆస్ట్రేలియా ప్రభుత్వ క్రీడా సంస్థ సప్లిమెంట్లను ఎ, బి, సి, డి అని నాలుగు గుంపులుగా విడదీసి పెట్టిన జాబితాలో కూడా క్రియేటిన్‌తో పాటు కెఫీన్ ఎ గుంపులోనే ఉంది. కానీ అదే కెఫీన్ ఒక గట్టి ఫిల్టర్ కాఫీలో ఎనభై, వంద మిల్లీగ్రాములు ఉంటుంది. డబ్బాలో ఒక్క స్కూప్‌కి 200, 300. పెద్దవాళ్ళకు రోజు మొత్తానికి 400 మించొద్దంటారు, ఆఫీసులో మీరు తాగే టీలు, కాఫీలు అందులో కలుపుకోవాలి. తాగగానే చెంపలు, చెవులు జుమ్మని చీమలు పాకినట్టు అవుతుంది, "పట్టేసింది" అనుకుంటారు. అది బీటా అలనైన్ అనే పదార్థం వల్ల వచ్చే చిమచిమ, అది పనిచేయాలంటే రోజూ వారాల తరబడి తీసుకోవాలి, ఆ ఒక్క స్కూప్ ఆ చిమచిమకు తప్ప దేనికీ రాదు. మీరు రాత్రి ఎనిమిదికి జిమ్‌కి వెళ్తారని రాశారు. అప్పుడు తాగిన కెఫీన్‌లో దాదాపు సగం అర్ధరాత్రి దాటినా ఒంట్లోనే ఉంటుంది. నిద్ర పోగొట్టుకుని కండ పెంచుకోవాలనుకోవడం ఏం లెక్కో నాకు అర్థం కాదు.

ఈవెంట్స్‌కి తయారయ్యే కుర్రాళ్ళతో నా గొడవ ఇక్కడే. 1600 మీటర్ల పరుగు రోజు పొద్దున్నే, అదీ మొదటిసారి, ఎవరో ఇచ్చిన పొడి నీళ్ళు లేకుండా నోట్లో పోసుకుని వెళ్తారు. గుండె దడ, వాంతి, ట్రాక్ పక్కన కూలబడటం. ముఖ్యమైన రోజున కొత్తది ఏదీ నోట్లో పెట్టొద్దు, మామూలు అరటిపండు అయినా సరే.

బీసీఏఏ గురించి రెండు ముక్కలు. గుడ్డులో, పాలలో, పప్పులో, వే ప్రోటీన్‌లో ఉండే అమైనో ఆమ్లాల్లోంచి మూడింటిని విడదీసి, రంగు, రుచి కలిపి అమ్ముతారు. ఒక స్కూప్ వే ప్రోటీన్‌లోనే అవి ఐదారు గ్రాములు ఉంటాయి. కడుపునిండా పులిహోర తిన్నాక పోపు గింజలు విడిగా కొనుక్కుని నమలడం లాంటిది. వదిలేయండి.

ఫ్యాట్ బర్నర్: ఇది డబ్బు దండగ మాత్రమే కాదు

మిగతావి పనిచేయకపోతే జేబుకు చిల్లు, అంతటితో పోతుంది. ఇది అలా కాదు. వీటిలో సాధారణంగా ఉండేవి కెఫీన్, గ్రీన్ టీ సారం, గార్సీనియా, యోహింబిన్ లాంటివి. గ్రీన్ టీ కప్పులో తాగితే ఏమీ కాదు, కానీ దాన్ని చిక్కబరిచి మాత్రల్లో కూరితే కొందరిలో కాలేయం దెబ్బతిన్న కేసులు చాలా దేశాల్లో నమోదయ్యాయి. గార్సీనియా అంటే కేరళ వాళ్ళు చేపల కూరలో పులుపుకు వేసే కుడంపుళి జాతి కాయ. కూరలో బాగుంటుంది, దాని సారంతో చేసిన మాత్రలతో కూడా లివర్ సమస్యలు వచ్చాయి. ఇంకో ప్రమాదం, లేబుల్ మీద రాయనివి లోపల ఉండటం. సిబుట్రమిన్ అనే బరువు తగ్గించే మందును గుండె సమస్యల వల్ల మన దేశంలో 2011లో నిషేధించారు, కానీ "మూలికలతో చేసినది" అని అమ్మే బరువు తగ్గించే మందుల్లో అది దొంగతనంగా కలిపినట్టు అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ మళ్ళీ మళ్ళీ హెచ్చరిస్తూనే ఉంది.

మూలిక అనగానే మనకు నమ్మకం ఎక్కువ. కరోనా సమయంలో ఇంటింటా తిప్పతీగ కషాయం కాచుకుని తాగారు, ఆ తర్వాత ముంబై డాక్టర్లు దాని వల్ల కాలేయం వాచిన కేసులను 2021లో ప్రచురించారు. అశ్వగంధ మీద కొన్ని చిన్న అధ్యయనాల్లో బలం కొంచెం పెరిగిందన్నారు, కానీ దానితోనూ అరుదుగా కామెర్లు వచ్చిన కేసులున్నాయి, థైరాయిడ్ మీదా ప్రభావం చూపగలదు. ఎవరైనా ఇలాంటివి వాడుతుంటే కళ్ళు పసుపెక్కడం, మూత్రం ముదురు రంగులో రావడం, ఒళ్ళంతా దురద కనిపిస్తే ఆ రోజే ఆపేసి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి, డబ్బా కూడా తీసుకెళ్ళాలి.

మల్టీవిటమిన్, ఫిష్ ఆయిల్, ఇంకా మీకు నిజంగా అవసరమయ్యే రెండు

ఫిష్ ఆయిల్ డబ్బా మీద పెద్ద అక్షరాల్లో 1000 మిల్లీగ్రాములని ఉంటుంది, వెనక్కి తిప్పి చూస్తే మనకు కావాల్సిన ఒమేగా 3 కొవ్వులు ఈపీఏ, డీహెచ్‌ఏ రెండూ కలిపి చాలావాటిలో 300 మాత్రమే. అమెరికాలో 25 వేల మందికి పైగా పెద్దవాళ్ళ మీద చేసి 2018లో ప్రచురించిన వైటల్ అనే ప్రయోగంలో రోజుకు ఒక గ్రాము ఒమేగా 3 ఇచ్చినా గుండెపోటు, పక్షవాతం లాంటివన్నీ కలిపి చూస్తే చెప్పుకోదగ్గ తేడా రాలేదు. రక్తంలో ట్రైగ్లిసరైడ్లు అనే కొవ్వు బాగా ఎక్కువున్నవాళ్ళకు డాక్టరు రాసే పెద్ద మోతాదు వేరే విషయం. మీరు ఆదివారం చికెన్ బదులు రెండు వారాలకోసారైనా కవళ్ళ చేపలో, కానాగంత చేపలో తెచ్చుకోండి, ఆ నూనె అందులోనే ఉంటుంది, పైగా చవక.

మల్టీవిటమిన్‌లో అన్నీ కొంచెం కొంచెం ఉంటాయి, నిజంగా లోటున్నవాళ్ళకు ఆ కొంచెం చాలదు, లోటు లేనివాళ్ళకు అక్కర్లేదు. జుట్టు కోసమని బయోటిన్ ఎక్కువగా ఉన్నవి వాడేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోండి, అది కొన్ని ల్యాబ్ పరీక్షలను తప్పుదోవ పట్టిస్తుంది. నాకు తెలిసిన ఒకావిడకు థైరాయిడ్ ఎక్కువైనట్టు రిపోర్ట్ వచ్చింది, ఏ లక్షణమూ లేదు, బయోటిన్ ఆపించి మళ్ళీ చేయిస్తే మామూలుగా వచ్చింది. గుండెపోటును గుర్తించే ట్రోపోనిన్ పరీక్షను కూడా ఇది తారుమారు చేయగలదు.

మీకు అసలు చూడాల్సినవి బి12, విటమిన్ డి. బి12 మొక్కల నుంచి వచ్చే తిండిలో ఉండదనే చెప్పాలి. మీలా మాంసం తక్కువ తినేవాళ్ళలో, షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్ళలో, గ్యాస్ మాత్రలు ఏళ్ళ తరబడి మింగేవాళ్ళలో తగ్గుతుంది. నీరసం, అరికాళ్ళ తిమ్మిర్లు, మతిమరుపు అన్నీ దీని వల్ల రావొచ్చు. జిమ్‌లో బలం రావట్లేదని ప్రీ వర్కౌట్ మీద ప్రీ వర్కౌట్ మార్చిన ఒకమ్మాయికి చివరికి తేలింది హిమోగ్లోబిన్ తొమ్మిదే, అంటే రక్తహీనత అని. ఐరన్ మాత్రలతో బాగుపడింది. మీరు మగవాళ్ళు కాబట్టి సీబీసీ బాగుంటే ఐరన్ జోలికి పోవద్దు, అది ఎక్కువైనా చెడే.

విటమిన్ డి 20 కంటే తక్కువ వస్తే డాక్టరు మామూలుగా 60 వేల యూనిట్ల సాచెట్ వారానికి ఒకటి చొప్పున కొన్ని వారాలు రాస్తారు. ఇది రోజూ వేసుకునేది కాదు. రోజూ వేసుకుని వాంతులు, విపరీతమైన దాహం, మలబద్ధకంతో ఆసుపత్రిలో చేరిన పెద్దాయనను చూశాను, రక్తంలో క్యాల్షియం పైకి పోయింది. నంబర్ బాగున్నవాళ్ళు వేసుకున్నందువల్ల పెద్దగా లాభం కూడా లేదు, పైన చెప్పిన వైటల్ ప్రయోగంలోనే రోజుకు 2000 యూనిట్లు ఇచ్చి చూస్తే కొత్తగా క్యాన్సర్లు రావడం గానీ గుండె జబ్బులు గానీ తగ్గలేదు.

కొనేటప్పుడు

2024లో మన దేశంలో అమ్ముతున్న 36 ప్రోటీన్ పొడులను కేరళ డాక్టర్లు పరీక్షించి ప్రచురించారు. దాదాపు 70 శాతం వాటిలో లేబుల్ మీద ప్రోటీన్ అంకె తప్పు, కొన్నిట్లో చెప్పినదాంట్లో సగమే ఉంది, కొన్నిట్లో బూజు వల్ల వచ్చే విషాలు కూడా దొరికాయి. మూలికలు కలిపినవి అందులో మరీ అన్యాయంగా ఉన్నాయి. అందుకని కలిపిన పదార్థాల జాబితా చదవండి. మొదట్లోనే గ్లైసిన్, టారిన్ లాంటివి కనిపిస్తే అవి ల్యాబ్‌లో ప్రోటీన్ అంకె పెంచి చూపడానికి వేసే చవక సరుకు కావొచ్చు. "ప్రొప్రైటరీ బ్లెండ్" అని రాసి ఏది ఎంతో చెప్పకపోతే కొనకుండా తిరిగి పెట్టేయండి. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (మన దేశ ఆహార భద్రతా సంస్థ) ఇచ్చే 14 అంకెల లైసెన్స్ నంబర్, విదేశీ సరుకైతే దిగుమతిదారు స్టిక్కర్ ఉండాలి. ఆ లైసెన్స్ ఉందంటే కంపెనీ నమోదై ఉందని అర్థం, లోపల పొడి గొప్పదని కాదు. ఖాళీ డబ్బాల్లో మళ్ళీ నింపి అమ్మే దందా కూడా ఉంది, కాబట్టి కంపెనీ సొంత సైట్‌లోనో, వాళ్ళు పేరు ఇచ్చిన డీలర్ దగ్గరో కొని, స్క్రాచ్ కోడ్ సరిచూసుకోండి, వాడేసిన డబ్బా పారేసేముందు నొక్కేయండి. రాష్ట్రస్థాయిలో పోటీలకు వెళ్ళేవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, డోపింగ్ పరీక్షలో పట్టుబడితే "పొడిలో కలిసిందని నాకు తెలియదు" అన్న మాట మిమ్మల్ని కాపాడదు, ఇన్‌ఫార్మ్‌డ్ స్పోర్ట్ లాంటి బయటి సంస్థ పరీక్షించి వేసిన ముద్ర ఉన్నవే వాడండి.

మీ ట్రైనర్‌ని దొంగ అనను. చాలా జిమ్‌లలో వాళ్ళ జీతం తక్కువ, డబ్బా మీద వచ్చే కమీషన్‌తోనే ఇల్లు గడుస్తుంది. ఎక్సర్‌సైజ్ నేర్పించేటప్పుడు ఆయన మాట వినండి, కావాలంటే ఆ మిగిలిన డబ్బులో కొంత పర్సనల్ ట్రైనింగ్‌కి ఇవ్వండి, దానివల్ల మీకూ ఎక్కువ లాభం.

అమ్మగారికి

యాభై దాటాక వచ్చే మోకాళ్ళ నొప్పి చాలావరకు కీలు అరుగుదల. క్యాల్షియం ఎముకకు, ఆ నొప్పికి కాదు. కాబట్టి మాత్ర వేసుకున్నా నొప్పి తగ్గలేదని ఆవిడ మానేస్తారు, మీరు ఇంకో బ్రాండ్ తెస్తారు. కీళ్ళ కోసమని అమ్మే గ్లూకోసమిన్ మీద వచ్చిన ఫలితాలు కూడా ఒకదానికొకటి పొంతన లేకుండా ఉన్నాయి, నేను దానికి డబ్బు పెట్టించను. ముందు ఆర్థోపెడిక్ డాక్టరుకో ఫిజియోథెరపిస్టుకో చూపించి తొడ కండరాల వ్యాయామాలు నేర్పించండి, బరువు ఎక్కువుంటే నాలుగైదు కిలోలు తగ్గినా నడకలో తేడా తెలుస్తుంది.

క్యాల్షియం విషయానికొస్తే నెలసరి ఆగిన ఆడవాళ్ళకు రోజుకు 1000 నుంచి 1200 మిల్లీగ్రాములు కావాలి. పావు లీటరు పాలలో సుమారు 300, వంద గ్రాముల రాగిపిండిలో 350 దాకా ఉంటుంది, పెరుగు, నువ్వులు, మునగాకు ఉండనే ఉన్నాయి. ఆవిడ రోజంతా తినేది రాసి కూడండి, తక్కువ పడినంత మేరకే మాత్ర, అదీ 500 మించకుండా భోజనంతో. గతంలో కిడ్నీలో రాళ్ళు వచ్చి ఉంటే డాక్టరును అడిగాకే. విటమిన్ డి పరీక్ష చేయించండి, చిన్నగా జారిపడినా ఎముక విరిగిన చరిత్ర ఉంటే ఎముక గట్టిదనం కొలిచే డెక్సా స్కాన్ గురించి అడగండి. థైరాయిడ్ మాత్ర వేసుకుంటుంటే దానికీ క్యాల్షియంకీ మధ్య నాలుగు గంటలు ఎడం ఉండాలి, పొద్దున పరగడుపున థైరాయిడ్ మాత్ర, మధ్యాహ్నం భోజనంతో క్యాల్షియం అనుకుంటే మర్చిపోకుండా ఉంటుంది.